బావిలోకి దించే పైపుకు హైడ్రో టెస్ట్ ఎలా చేయాలి

విజయవాడ ఆటోనగర్‌లోనో, కొండపల్లి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనో లేత్ షాపు గానీ పైపుల యార్డు గానీ నడిపేవాళ్లకు ఏదో ఒక రోజు ఈ పని వస్తుంది. కైకలూరు వైపో నరసాపురం వైపో చమురు, గ్యాస్ బావుల దగ్గర పనిచేసే కాంట్రాక్టరు ఒకాయన లారీడు ట్యూబింగ్ (చమురు, గ్యాస్ పైకి వచ్చే లోపలి గొట్టాలు) తెచ్చి దించుతాడు. "మరలు చూసి, హైడ్రో టెస్ట్ చేసి, సర్టిఫికెట్ ఇవ్వండి. ఎల్లుండికి కావాలి" అంటాడు. మరల పని మనవాళ్లకు కొట్టిన పిండి. పైపులో నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి చూసే ఈ టెస్ట్ దగ్గరే తొందరపడతారు. పంపు తగిలిస్తారు, గేజ్ ముల్లు చెప్పిన అంకె మీదికి రాగానే ఫోనుతో ఫొటో తీస్తారు, సంతకం పెట్టేస్తారు. పైపులో గాలి ఉన్నా, గేజ్ తప్పు చూపిస్తున్నా, ఎండకు నీళ్లు కాగినా ముల్లు ఆ అంకె మీదికి రానే వస్తుంది. అందుకే పంపు ముట్టుకోకముందు చేయాల్సిన పని గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

3,000 మీటర్ల లోతున మంచినీళ్ల బరువే సుమారు 4,260 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి అవుతుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో కొన్ని పొరల్లో ఒత్తిడి అంతకంటే బాగా ఎక్కువ. 1995 జనవరి 8న కోనసీమలో పాసర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. అది డ్రిల్లింగ్‌లో జరిగిన బ్లోఅవుట్ (గ్యాస్ అదుపు తప్పి ఎగదన్నడం), పైపు టెస్ట్‌కు సంబంధించిన ప్రమాదం కాదు. కానీ భూమి లోపలి ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో మన ప్రాంతం వాళ్లు కళ్లారా చూశారు. మన యార్డులో పరీక్ష చేసిన పైపు అలాంటి వరిపొలాల మధ్య, ఊళ్ల పక్కనే భూమిలోకి దిగుతుంది. ఒకసారి సిమెంటు పట్టాక, బావి గోడకు ఆసరాగా దించే కేసింగ్‌ను బయటికి తీసి చూసే వీలుండదు.

ఏ పైపు, ఎంత ప్రెషర్

ముందు కాగితాలు చూడండి. పైపు సైజు, అడుగుకు బరువు, గ్రేడు, మరల రకం, మిల్లు సర్టిఫికెట్, హీట్ నంబరు (ఉక్కు కరిగించిన విడత నంబరు) అన్నీ ఆర్డరుతో సరిపోవాలి. తర్వాత పైపు దగ్గరకెళ్లి, దాని మీద ముద్రించిన అక్షరాలనూ రంగు పట్టీలనూ పోల్చుకోండి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) ప్రమాణం 5సీటీ ప్రకారం జే55కు ఒక ఆకుపచ్చ పట్టీ, కే55కు రెండు ఆకుపచ్చ పట్టీలు, ఎన్80కి ఎరుపు, ఎల్80కి ఎరుపుతో పాటు గోధుమరంగు, పీ110కి తెలుపు. పట్టీ చెరిగిపోయి, ముద్ర కూడా కనబడకపోతే ఆ పైపును పక్కన పెట్టండి. "అన్నీ ఒకే బావిలోంచి వచ్చినవే అండీ" అన్న మాట మీద గ్రేడు రాయకూడదు.

టెస్ట్ ప్రెషర్‌కు ఏపీఐ వాడే సూత్రం తేలిక. 2ను 0.8తో, పైపు గ్రేడుకున్న కనీస యీల్డ్ బలంతో (ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే హద్దు), గోడ మందంతో గుణించి, బయటి వ్యాసంతో భాగించాలి. మన దగ్గరికి ఎక్కువగా వచ్చే 2-7/8 అంగుళాల, అడుగుకు 6.5 పౌండ్ల జే55 ట్యూబింగ్‌నే తీసుకుందాం. యీల్డ్ 55,000 పీఎస్ఐ, మందం 0.217 అంగుళాలు, అంటే 5.51 మిల్లీమీటర్లు. లెక్క 6,642 వస్తుంది. దగ్గరి వందకు సవరిస్తే 6,600 పీఎస్ఐ. బార్‌లలో 455. హెచ్40, జే55, కే55 గ్రేడుల్లో 9-5/8 అంగుళాలకు మించిన కేసింగ్‌కు 0.8 బదులు 0.6 వేస్తారు. పీ110 లాంటి గట్టి గ్రేడుల్లో లెక్క 13,000 దాటినా, కొనేవాళ్లతో ప్రత్యేకంగా ఒప్పందం లేకపోతే 10,000 దగ్గర ఆపేస్తారు.

ఈ లెక్క పైపు ఒంటికి మాత్రమే. పైపుల్ని కలిపే కప్లింగో, మరలో పట్టగల ఒత్తిడి అంతకంటే తక్కువైతే ఆ తక్కువ అంకెనే తీసుకోవాలి. పట్టికలు చూడకుండా పంపు దగ్గరికి వెళ్లొద్దు.

"ఇంకో వెయ్యి ఎక్కువ కొడదాం, సేఫ్‌గా ఉంటుంది" అనేవాళ్లు ప్రతి యార్డులోనూ ఉంటారు. ఇది చాలా చెడ్డ అలవాటు. పైన చెప్పిన ట్యూబింగ్ లోపలి ఒత్తిడికి సాగడం మొదలయ్యే అంకె, మందంలో అనుమతించిన 12.5 శాతం తగ్గుదలను కలుపుకుని, 7,260 పీఎస్ఐ. 6,600 పక్కన వెయ్యి కలిపితే దాన్ని దాటిపోయారు. అలా సాగిన పైపు కారకపోవచ్చు, కంటికి తేడా తెలియకపోవచ్చు, కానీ దాని బలాన్ని మనమే తినేసినట్టు.

పాత పైపైతే కాగితం మీది మందం పనికిరాదు. కొలిచిన మందంలో అన్నిటికంటే తక్కువ దాన్ని తీసుకుని లెక్క మళ్లీ వేయాలి. అదే ట్యూబింగ్‌లో ఎక్కడో ఒకచోట 4.9 మిల్లీమీటర్లే ఉందనుకోండి. టెస్ట్ ప్రెషర్ 5,900కు దిగుతుంది. ఆ సంగతి కాంట్రాక్టరుకు పని మొదలుపెట్టక ముందే చెప్పి, కాగితం మీద ఒప్పించుకోండి. టెస్ట్ అయ్యాక చెబితే గొడవే.

పైపును ముందు చూడాలి

లోపలా బయటా కడగండి. తుప్పు పొలుసులు, మైనం, ఎండిన మడ్డి ఉంటే చిన్న చిల్లును అవే మూసి పెడతాయి. టెస్ట్‌లో నిలబడి, బావిలో వేడి తగిలాక ఆ మడ్డి కరిగి కారే పైపులు ఉంటాయి. వైరు బ్రష్షు పైపు లోపలికి వాడండి. మరల మీద మాత్రం నైలాన్ బ్రష్షు, సాల్వెంటు చాలు.

తర్వాత డ్రిఫ్ట్, అంటే లోపలి దారి సాఫీగా ఉందో లేదో చూడటం. 2-7/8 ట్యూబింగ్‌కు 59.6 మిల్లీమీటర్ల వ్యాసం, 1,067 మిల్లీమీటర్ల పొడవు ఉన్న మాండ్రెల్ (కొలత కడ్డీ) ఒక కొస నుంచి రెండో కొసకు చేతి బలంతో సాఫీగా వెళ్లాలి. సుత్తితో కొట్టి పంపించినది డ్రిఫ్ట్ అవ్వదు. ఎక్కడైనా పట్టేస్తే అక్కడ సొట్టో, వంపో ఉంది.

మందం కొలవడం దగ్గర ఓపిక పట్టండి. అల్ట్రాసోనిక్ గేజ్‌ను ముందుగా, మందం తెలిసిన మెట్లున్న దాని స్టెప్ బ్లాకు మీద సరిచూసుకోవాలి. పైపు మీద పెయింటు గీకి, జెల్ రాసి, ప్రోబ్‌ను కదలకుండా ఆనించాలి. రెండు కొసల దగ్గరా, మధ్యలో కనీసం మూడు చోట్లా, ప్రతిచోటా చుట్టూ నాలుగు వైపులా కొలవండి. సక్కర్ రాడ్లు (అడుగున ఉన్న పంపును నడిపే కడ్డీలు) నడిచిన బావి నుంచి వచ్చిన ట్యూబింగ్ అయితే ఇంకా దగ్గర దగ్గరగా చూడాలి, ఎందుకంటే రాడ్ కప్లింగ్ రాసుకున్న వైపే లోపల గాడి పడుతుంది. పైన 5.5 చూపించిన పైపే, దొర్లించి అర చుట్టు తిప్పితే 4.2 చూపించడం మామూలు. ఒక్క వైపు కొలిచి రాసుకున్నవాడికి అది ఎప్పటికీ కనబడదు. పైపు మీద చాక్‌పీసుతో గీత గీసుకుని, ఆ గీత నుంచి చుట్టూ తిరగండి.

కొత్త పైపుకు నామినల్ (కాగితం మీది) మందంలో 87.5 శాతం, అంటే ఈ సైజుకు 4.82 మిల్లీమీటర్లు కనీస హద్దు. వాడిన పైపుల్ని అరుగుదలను బట్టి రంగులతో విడదీస్తారు. 15 శాతం వరకు పసుపు, 16 నుంచి 30 వరకు నీలం, 31 నుంచి 50 వరకు ఆకుపచ్చ, 50 దాటితే ఎరుపు. గ్రేడు పట్టీలో ఆకుపచ్చ, అరుగుదల పట్టీలో ఆకుపచ్చ ఒకటి కావు. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇక్కడే తికమక పడతారు కాబట్టి రెండు పట్టీల అర్థాలూ గోడ మీద రాసి పెట్టండి.

నీళ్లు, ఎండ

కార్బన్ స్టీలు పైపుకైనా శుభ్రమైన మంచినీళ్లే కావాలి. బందరు వైపు పోయేకొద్దీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు మరల సందుల్లో మిగిలిపోయి, వారం తిరిగేసరికి ఎర్రటి తుప్పు లేస్తుంది. ట్యాంకరు మంచినీళ్లు తెప్పించుకుని, తుప్పు పట్టకుండా కలిపే ఇన్హిబిటర్ డబ్బా మీద రాసిన పాళ్లలో కలపండి. క్రోమియం కలిసిన పైపులైతే ఉప్పునీళ్లు అసలు దగ్గరికి రానివ్వకూడదు. వాటికి చిన్న చిన్న గుంటలు పడతాయి.

ఎండ సంగతి పుస్తకాల్లో ఒక వాక్యంలో పోతుంది, విజయవాడలో మాత్రం సగం తగాదాలు దాని వల్లే. నీళ్లు నింపి, రెండు కొసలా బిగించేసిన పైపులో నీళ్ల వేడి ఒక్క డిగ్రీ పెరిగితే, మన వాతావరణంలో ఒత్తిడి సుమారు 80 పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో, ముట్టుకుంటే చెయ్యి కాలే పైపులోకి చల్లటి నీళ్లు పోసి ప్రెషర్ పట్టి చూడండి. పంపు ఆపాక కూడా ముల్లు పైకి పాకుతూ ఉంటుంది. సన్నగా కారుతున్నా ఆ పెరుగుదల కారుడును కప్పేస్తుంది. సాయంత్రం నీడ పడ్డాక ఇది తిరగబడుతుంది. ఎక్కడా కారకుండానే 200, 300 పీఎస్ఐ పడిపోతుంది, మంచి పైపును తప్పు పడతారు.

అందుకని పైపుల్ని ముందు రోజు సాయంత్రమే రేకుల షెడ్డు కిందికి చేర్చండి. నీళ్లు కూడా అదే షెడ్డులో ఉన్న ట్యాంకు నుంచే తీసుకోండి. డాబా మీది సింటెక్స్ ట్యాంకు నీళ్లు వద్దు. వేసవిలో తెల్లవారుజామున అయిదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించేలా పని పెట్టుకోండి. నీళ్లు నింపాక కాసేపు వదిలేసి, పైపు పైన వేడి, గాలి పోయే వెంట్ వాల్వు నుంచి వచ్చే నీళ్ల వేడి దాదాపు ఒకటయ్యాకే ప్రెషర్ ఎక్కించాలి. పైపు ఒంటికి అంటించే చిన్న థర్మామీటరు ఒకటి కొనండి. దాని ఖరీదు ఒక పైపును మళ్లీ టెస్ట్ చేసే ఖర్చు కంటే తక్కువ.

క్యాప్‌లు, గేజ్, పంపు

కప్లింగ్ ఉన్న కొసకు మగ మరల ప్లగ్గు, రెండో కొసకు ఆడ మరల క్యాప్ పడతాయి. రెండింటి మీదా అవి ఎంత ప్రెషర్‌కు పనికొస్తాయో ముద్ర వేసి ఉండాలి. ముద్ర లేని, ఎవరో లేత్ మీద తిప్పిచ్చిన క్యాప్‌ను 6,000 పీఎస్ఐకి వాడకండి. 62 మిల్లీమీటర్ల బోరు మీద 6,600 పీఎస్ఐ పడితే ఆ క్యాప్‌ను కనీసం 14 టన్నుల బలం బయటికి నెడుతుంది. 7 అంగుళాల కేసింగ్‌కు అదే ప్రెషర్‌లో 90 టన్నులు దాటుతుంది. మరలు సగం అరిగిన క్యాప్ ఆ బలానికి ఊడితే ఎదురుగా ఉన్నది ఇటుక గోడైనా ఆగదు.

మరల్ని ఆరబెట్టి, పళ్లు విరిగాయేమో వేలి గోటితో తడిమి చూసి, ఏపీఐ థ్రెడ్ డోప్ (మరలకు రాసే ప్రత్యేక గ్రీజు) చుట్టూ సమానంగా రాయండి. టెఫ్లాన్ టేపు, మామూలు బేరింగ్ గ్రీజు ఇక్కడ పనికిరావు. బిగించేటప్పుడు టార్క్ చూసుకోండి. 2-7/8 ఈయూఈ (కొసలు బయటి వైపు మందంగా చేసిన రకం) జే55కు 1,650 అడుగు-పౌండ్ల దగ్గర సరిపోతుంది. చైన్ పానాకు పొడవాటి గొట్టం తొడిగి ఇద్దరు వేలాడి బిగిస్తే మరలు చీరుకుపోతాయి, పైపు టెస్ట్ కంటే ముందే పాడవుతుంది.

గేజ్ డయల్ టెస్ట్ ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లకు తక్కువ, నాలుగు రెట్లకు ఎక్కువ కాకూడదు. 6,600కు 10,000 లేదా 15,000 పీఎస్ఐ గేజ్ సరిపోతుంది. తెలిసిన బరువులతో ఒత్తిడి పెట్టే డెడ్ వెయిట్ టెస్టరు మీద క్యాలిబ్రేషన్ చేసి నాలుగు నెలలు దాటని గేజ్ వాడాలని ప్రమాణం చెబుతుంది. సర్టిఫికెట్ మీది నంబరు, గేజ్ మీది నంబరు ఒకటేనా అని చూడండి. నేను చూసిన ఒక యార్డులో అందంగా ఫ్రేము కట్టిన క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ గోడకు వేలాడుతోంది, ఆ నంబరున్న గేజ్ మాత్రం ఎక్కడా లేదు.

గేజ్‌ను పంపు మీద కాకుండా పైపు రెండో కొసన పెట్టండి. సన్నటి హోస్‌లో అడ్డం పడినా, వాల్వు సరిగా తెరుచుకోకపోయినా పంపు దగ్గర గేజ్ ఎంతైనా చూపిస్తుంది, పైపులో అంత ఉండదు. పంపు దగ్గర ఇంకో గేజ్ ఉంటే మంచిదే, రెండూ పోల్చుకోవచ్చు. ఒత్తిడిని కాగితం మీద గీతగా గీసే చార్ట్ రికార్డరు ఉంటే దాన్నీ పైపు వైపే కలపండి. హోస్‌లు, వాల్వులు, నిపిల్స్ అన్నిటి రేటింగూ టెస్ట్ ప్రెషర్‌కు పైనే ఉండాలి. రిలీఫ్ వాల్వును టెస్ట్ ప్రెషర్‌కు కొంచెం పైన, పైపు సాగే అంకెకు బాగా కింద సెట్ చేయాలి. హోస్ రెండు కొసలకూ విప్ చెక్ తాడు కట్టండి, ఊడినా హోస్ కొరడాలా ఎగరకుండా. పైపును రాక్‌కు చైన్లతో కట్టేయండి.

గాలి తీయడం

ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే.

నీళ్లు నొక్కుకుపోవు అనుకుంటాం గానీ, 6,600 పీఎస్ఐ దగ్గర రెండు శాతం దాకా నొక్కుకుపోతాయి. గాలి అయితే వందల రెట్లు నొక్కుకుపోతుంది, ఆ మేరకు శక్తిని లోపల దాచుకుంటుంది. అదే పైపును అదే ప్రెషర్‌కు పూర్తిగా గాలితో నింపితే లోపల ఉండే శక్తి నీళ్లతో నింపినప్పటి కంటే వందల రెట్లు ఎక్కువ. నీళ్లతో నిండిన పైపు పగిలితే ఒక్క చిమ్ముతో ప్రెషర్ పడిపోతుంది. గాలి మిగిలిన పైపు పగిలితే క్యాప్ తుపాకి గుండులా లేస్తుంది. కంప్రెసర్ ఉంది కదా అని గాలితో టెస్ట్ చేద్దామనే ఆలోచనే రానివ్వకండి.

పైపు ఒక కొసను రాక్ మీద అడుగు ఎత్తు లేపండి. వెంట్ వాల్వు ఎత్తుగా ఉన్న కొసన, క్యాప్‌కు నెత్తి మీద ఉండాలి. పక్కకు తిరిగి ఉంటే పైన గాలి బుడగ మిగిలిపోతుంది. పల్లపు కొస నుంచి నెమ్మదిగా నీళ్లు ఎక్కించండి. మోటారు వేగంగా తిప్పితే నీళ్లలో గాలి కలిసి తెల్లగా నురగలా వస్తాయి, ఆ నురగ తేరుకునే దాకా ఆగాల్సి వస్తుంది. వెంట్ దగ్గర మొదట గాలి బుస్సుమంటుంది. తర్వాత నీళ్లూ గాలీ కలిసి ఆగి ఆగి ఉమ్ముతుంది. నీళ్లు ధారగా రావడం మొదలయ్యాక వెంటనే మూసేయకండి. పైపును చెక్క సుత్తితో పొడవునా తట్టండి, గోడకు అంటుకున్న బుడగలు లేస్తాయి. మళ్లీ రెండు మూడు సార్లు ఉమ్ముతుంది. ఆ తర్వాత గాజు కడ్డీలా, ఎక్కడా తెగని ధార వస్తుంది. అప్పుడు కూడా ఒక నిమిషం పోనిచ్చి మూయండి.

గాలి పోయిందో లేదో అంకెతో తేల్చుకునే మార్గం కూడా ఉంది. 9.4 మీటర్ల 2-7/8 ట్యూబింగ్‌లో సుమారు 28 లీటర్ల నీళ్లు పడతాయి. నిండిన పైపును 6,600 పీఎస్ఐకి తీసుకెళ్లడానికి ఇంకో అర లీటరు పైన, ముప్పావు లీటరు లోపు నీళ్లు చాలు. పంపు నీళ్లు తీసుకునే చోట గీతలున్న డబ్బా పెట్టి ఎంత లాగిందో చూడండి. లీటరున్నర లాగిందంటే లోపల దాదాపు లీటరు గాలి ఉన్నట్టు, లేదా ఎక్కడో కారుతున్నట్టు. ప్రెషర్ దించి, వెంట్ తెరిచి, మళ్లీ మొదటి నుంచి చేయండి. ఇంకో గుర్తు, గాలి లేని పైపులో పంపు స్ట్రోకు స్ట్రోకుకూ ముల్లు దాదాపు ఒకే లెక్కన ఎక్కుతుంది. గాలి ఉంటే మొదట్లో ఎన్ని స్ట్రోకులు కొట్టినా కదలదు, ఆపైన గబగబా ఎక్కుతుంది.

ప్రెషర్ ఎక్కించడం

చుట్టూ తాడు కట్టి, బోర్డు పెట్టి, పనిలో లేనివాళ్లందర్నీ పంపేయండి. టీ తెచ్చే అబ్బాయిని కూడా. పంపు నడిపే మనిషి పైపు కొసలకు ఎదురుగా ఉండకూడదు. పక్కగా, అడ్డుగోడ వెనక ఉండాలి. గేజ్ కనిపించడానికి కెమెరా పెట్టుకుంటే సుఖం.

ముందు 200, 300 పీఎస్ఐ దగ్గర ఆపి క్యాప్‌లు, హోస్ జాయింట్లు దూరం నుంచే చూడండి. కారుతుంటే పూర్తిగా సున్నాకు దించాకే పానా పట్టుకోవాలి. ప్రెషర్ ఉండగా "కొంచెం బిగిస్తే ఆగిపోతుంది అన్నా" అని పానా అందుకునే చేతిని గట్టిగా ఆపాలి. ఆ బాధ్యత సూపర్‌వైజరుది.

అన్నీ బావుంటే సగం దాకా, అంటే 3,300 దాకా నెమ్మదిగా ఎక్కించి కాసేపు ఆగండి. అక్కడి నుంచి పది శాతం చొప్పున మెట్లు మెట్లుగా వెళ్లండి. 6,600 చేరాక పంపు వాల్వు మూసి, పైపును పంపు నుంచి వేరు చేయండి. ఇది మరిచిపోతే, పంపు పోస్తూనే ఉంటుంది, కారుడు ఎంతున్నా ముల్లు నిలబడినట్టే కనిపిస్తుంది.

మిల్లులో ఒక్కో పైపును కనీసం 5 సెకన్లు పట్టి ఉంచితే చాలని ఏపీఐ అంటుంది. అక్కడ అదే పనికి కట్టిన యంత్రం ఉంటుంది, పైపు కొత్తది. యార్డులో పాత పైపుకు ఆ 5 సెకన్లు నాకు చాలవు. కాంట్రాక్టరు ఇచ్చిన ప్రొసీజరులో ఎన్ని నిమిషాలని ఉంటే అన్ని నిమిషాలు పట్టండి. అందులో లేకపోతే ముందుగానే అడిగి రాయించుకోండి. ముల్లు మొదటి నిమిషంలో కొద్దిగా దిగి నిలబడటం మామూలే, నీళ్లూ స్టీలూ సర్దుకుంటాయి. నిలబడకుండా ఒకే తీరున దిగుతూ పోతే కారుతోంది. చార్ట్ మీద అది వాలుగా, తిన్నగా గీత పడుతుంది. సర్దుబాటైతే మొదట వంగి, తర్వాత చదునవుతుంది. ఆ రెండు ఆకారాలూ మీ కుర్రాళ్లకు పక్కపక్కన పెట్టి చూపించండి.

కారితే

చేత్తో తడిమి వెతకొద్దు. సూది మొన అంత చిల్లు నుంచి ఆ ప్రెషర్‌లో వచ్చే నీళ్లు కంటికి కనబడవు, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతాయి. బయట చిన్న చుక్కలా ఉంటుంది, నొప్పి కూడా మొదట్లో అంతగా ఉండదు, లోపల మాత్రం కండ పాడవుతూ ఉంటుంది. అలా జరిగితే బ్యాండేజీ చుట్టి ఇంటికి పంపకూడదు. వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎంత ప్రెషర్‌లో ఏ ద్రవం తగిలిందో డాక్టరు గారికి చెప్పాలి.

ప్రెషర్‌ను బాగా తగ్గించి, పొడవాటి కర్రకు కట్టిన అట్టముక్కతో వెతకండి. తడి అయిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టి, పూర్తిగా దించాక దగ్గరికి వెళ్లండి. టెస్ట్ క్యాప్ దగ్గర కారితే తప్పు మనది, పైపుది కాదు. విప్పి, తుడిచి, డోప్ రాసి మళ్లీ బిగించి టెస్ట్ చేయాలి. కప్లింగ్‌కూ పైపుకూ మధ్య కారితే కప్లింగ్ విప్పి మరలు చూడాలి. పైపు ఒంటి మీద కారితే, వెల్డ్ గీత వెంబడి గానీ మరెక్కడైనా గానీ, ఆ పైపు పని అయిపోయింది. వెల్డింగ్ పెట్టి మూసి మళ్లీ టెస్ట్ పాస్ చేయించడం బావిలో పనిచేసే మనుషుల ప్రాణాలతో ఆడుకోవడమే.

దించడం, ఆరబెట్టడం

బ్లీడ్ వాల్వును కొంచెం కొంచెంగా తెరిచి దించండి. గేజ్ సున్నా చూపించినా వెంట్ తెరిచి, చుక్క చుక్కగా రావడం ఆగాకే క్యాప్ మీద చెయ్యి వేయాలి. గేజ్ ముల్లు ఇరుక్కుపోయి సున్నా చూపించవచ్చు. పైపు వాల్చి నీళ్లు పూర్తిగా కారనిచ్చి, గాలితో ఊది, మరలు తుడిచి ఆరబెట్టి, తుప్పు పట్టకుండా నూనె రాసి, రెండు కొసలా ప్రొటెక్టర్లు బిగించండి. వానాకాలంలో ప్రొటెక్టర్ లేకుండా ఒక్క రాత్రి వదిలినా మరల మీద పొడి తుప్పు లేస్తుంది.

సర్టిఫికెట్‌లో ఏం రాయాలి

ప్రతి పైపుకూ విడి నంబరు, పొడవు, కొలిచిన కనీస మందం, లెక్కగట్టిన ప్రెషర్, పట్టిన ప్రెషర్, మొదలు, ముగింపు వేళలు, రెండు వేళల్లోనూ వేడి, గేజ్ నంబరు, క్యాలిబ్రేషన్ తేదీ. చార్ట్ మీద కూడా అదే పైపు నంబరు, టెస్ట్ చేసినవాళ్ల సంతకం ఉండాలి. "100 పైపులు, 6,600 పీఎస్ఐ, పాస్" అని ఒక్క గీతలో రాసిన కాగితం ఎవరైనా అడిగితే ఇవ్వకండి. ఏపీఐ మోనోగ్రామ్ వేయడానికి లైసెన్సు కావాలి, టెస్ట్ బాగా చేశామన్న ధీమాతో ఆ ముద్ర కొట్టకూడదు.

ఈ టెస్ట్ దేన్ని పరీక్షించలేదో కూడా కాంట్రాక్టరుకు చెప్పండి. లోపలి నుంచి వచ్చే నీళ్ల ఒత్తిడికి పైపు ఆగుతుందని మాత్రమే ఇది చెబుతుంది. బయటి నుంచి నొక్కితే నలిగిపోతుందా అన్నది వేరే సంగతి. నీళ్లు కారని, అంగుళానికి ఎనిమిది మరలున్న రౌండ్ థ్రెడ్‌లోంచి ఎక్కువ ప్రెషర్‌లో గ్యాస్ మెల్లగా జారిపోవచ్చు, అందుకే గ్యాస్ బావులకు లోహం లోహానికి ఆనుకుని మూసుకునే ప్రీమియం కనెక్షన్లు వాడతారు, వాటిని కొన్నిసార్లు బిగించేటప్పుడే హీలియంతో పరీక్షిస్తారు. పైపులు బావిలోకి దిగాక మొత్తం కేసింగ్‌కు రిగ్ దగ్గర ఇంకో ప్రెషర్ టెస్ట్ ఎలాగూ ఉంటుంది. "అక్కడ ఎలాగూ చేస్తారుగా" అని ఇక్కడ వదిలేస్తే, అక్కడ బయటపడిన కారుడుకు వేల మీటర్ల పైపును పైకి లాగాలి.

ఫెయిలైన పైపులకు ఎర్ర రంగు పట్టీ వేసి, మంచి పైపులకు దూరంగా వేరే రాక్ మీద పెట్టండి. కానీ రంగు గీకేయడం ఎంత సేపు! పాత ఇనుము కొనేవాళ్ల చేతులు మారి, అదే పైపు మళ్లీ ట్యూబింగ్‌గా ఇంకో యార్డుకు వచ్చే అవకాశం ఉంది. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్నాక రెండు కొసల మరలనూ గ్యాస్ కటింగ్‌తో కోసేసి, చిల్లు ఉన్న చోట అడ్డంగా ఇంకో కోత పెట్టండి. షెడ్డు స్తంభాలకో, కంచె గుంజలకో అమ్ముకోమనండి. కోసిన పైపు నంబర్లు కూడా రిజిస్టరులో రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకున్నాకే లారీ గేటు దాటనివ్వండి.